అప్రూవల్ ఉంది సరే, మన అమానత్ ఏదీ?



పోయిన జుమా రోజు నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గర ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచారు. "బేటా, ఎచ్చెర్ల అపార్ట్‌మెంట్ మీద నువ్వు కంప్లైంట్ పెడతావని విన్నాను. వద్దు. అతను కూడా మన సఫ్‌లో నిలబడేవాడే కదా. ఘర్ కీ బాత్ బయటపెడితే ఖౌమ్ ఇజ్జత్ పోతుంది. సబర్ చెయ్. అప్రూవల్ ఉంది, ఎప్పటికైనా లేస్తుంది" అన్నారు.

ఆయనంటే నాకు అదబ్ ఉంది. అందుకే అక్కడ మారు మాట్లాడలేదు. జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆయన మాటల్లో రెండు గలత్‌లు ఉన్నాయి. అప్రూవల్ ఉంటే బిల్డింగ్ లేస్తుందని నమ్మడం మొదటిది. ధోకా తిన్నవాళ్ళు నోరు మూసుకుంటే ఖౌమ్ ఇజ్జత్ నిలుస్తుందని నమ్మడం రెండోది. మనలాంటి మధ్యతరగతి ఖాందాన్‌ల జమా పూంజీ ఈ రెండు నమ్మకాల మధ్యే ఇరుక్కుని ఎండిపోతోంది.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. 2018లో మా ఖాలాని ఆ బిల్డర్ దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. ఖాలూ ఇంతఖాల్ అయ్యాక వచ్చిన డబ్బు, ఆవిడ గాజులు, దమ్మామ్‌లో పనిచేసే కొడుకు పంపిన రియాల్‌లు, అన్నీ కలిపి ఇరవై లక్షలు. ఫ్లాటు ఇరవై ఆరు లక్షలు. రెండేళ్ళలో తాళంచెవి ఇస్తానన్నాడు. కొడుకు నిఖా ఆ ఇంట్లోనే చెయ్యాలని ఖాలా అర్మాన్. "కాగితం గట్టిగా రాయించుకుందామా బేటా?" అని ఆవిడే అడిగింది. "ఫికర్ మత్ కరో ఖాలా, మనోడే" అన్నాను. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒక అగ్రిమెంటు రాశారు. రిజిస్ట్రేషన్ లేదు. ఇరవై లక్షల్లో సగానికే రసీదులున్నాయి. ఈ రోజు అక్కడ మూడు స్లాబులు, తుప్పు పట్టిన ఊచలు, కింద వాననీళ్ళు ఉన్నాయి. ప్లాన్ మంజూరు నంబరు రాసిన బోర్డు మాత్రం ఇంకా నిలబడే ఉంది. కొడుకు నిఖా అద్దె ఇంట్లో అయింది.

ఎచ్చెర్ల తెలియని చదువరుల కోసం రెండు మాటలు. శ్రీకాకుళం నుంచి విశాఖ వైపు 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే తగిలే మండలం ఇది. 2008లో ఇక్కడ డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ యూనివర్సిటీ వచ్చింది. ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ ఉంది. ఎస్.ఎం.పురం అంటే షేర్ మహమ్మద్ పురం. మన బచ్చాలకి ఆ పేరు కూడా తెలియదు. ఇంకా కిందికి వెళ్తే పైడిభీమవరం ఫ్యాక్టరీలు, ఆపైన భోగాపురం ఎయిర్‌పోర్ట్. 2019లో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి దానికి శంకుస్థాపన జరిగింది. అటు సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టుకి 2023 ఏప్రిల్‌లో రాయి వేశారు. ఒక్కో రాయి పడినప్పుడల్లా రోడ్డు పక్క సెంటు ధర పెరిగింది. ఎచ్చెర్లలో బిల్డింగ్‌లు ఆగడానికి ఈ పెరుగుదలే అసలు వజహ్. ఎలాగో చెబుతాను.

ముందు అప్రూవల్ అంటే ఏమిటో చూద్దాం. ప్లాన్ మంజూరు చేసే ఆఫీసు చూసేది స్థలం కాగితాలు, రోడ్డు వెడల్పు, నాలుగు వైపులా వదలాల్సిన జాగా, ఎత్తు, పార్కింగు. రాష్ట్రంలో 2017 బిల్డింగ్ రూల్స్ ప్రకారం కట్టబోయే విస్తీర్ణంలో పది శాతాన్ని ఆఫీసుకి తనఖా కూడా పెట్టించుకుంటారు. బిల్డర్ ప్లాన్ దాటి కడితే పట్టుకోవడానికి అది. ఇవన్నీ ఆఫీసు తన రూల్స్‌ని కాపాడుకునే ఇంతజామ్. బిల్డర్ జేబులో బిల్డింగ్ పూర్తి చేసేంత పైసా ఉందా అని ఆ ఫైల్లో ఎవరూ అడగరు. ఈ స్థలంలో ఇలా కట్టుకోవచ్చు అని ఇజాజత్ ఇవ్వడమే అప్రూవల్. కట్టి తీరతాడని ఎవరూ హామీ ఇవ్వలేదు. మనం ఇజాజత్‌ని హామీ అని చదువుకున్నాం.

ఇజాజత్ ఎంతవరకు కాపాడుతుందో మన ఉత్తరాంధ్ర వాళ్ళకి వేరే చెప్పాలా? 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల బిల్డింగ్ కట్టుబడిలోనే కూలింది. 61 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికి వెళ్ళినవాళ్ళు. ఆ బిల్డింగ్‌కీ ప్లాన్ అప్రూవల్ ఉంది.

ఇక పైసా సంగతి. బిల్డర్లు చెప్పే బహానాలు మనకు ముఖపాఠం. ఇసుక లేదు, లాక్‌డౌన్, గవర్నమెంట్ మారింది. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే ఇవేవీ అబద్ధాలు కావు. 2016లో ఇసుక ఫ్రీ అన్నారు. 2019లో గవర్నమెంట్ మారి ఆ పాలసీ ఆగింది. కొత్తది సెప్టెంబర్‌లో వచ్చేదాకా, వచ్చాక కూడా కొన్ని నెలలు, నాగావళి, వంశధార పక్కనే బతికే మనకే ఇసుక దొరకలేదు. మేస్త్రీలు పస్తులున్నారు. అది సర్దుకునేలోపు 2020 మార్చిలో లాక్‌డౌన్. 2021లో ఇసుక ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్ళింది. 2024 జులైలో మళ్ళీ ఫ్రీ అన్నారు. ఒక బిల్డింగ్ ఏడాదిన్నర ఆలస్యం కావడానికి ఇవి చాలు. ఐదేళ్ళు, ఆరేళ్ళు ముర్దాలా పడి ఉండటానికి చాలవు. ఇసుక దొరకని నెలల్లోనే మా బిల్డర్ రణస్థలం వైపు ఇంకో స్థలానికి బయానా ఇచ్చాడు. ఇసుక లేకపోతే కట్టుబడి ఆగాలి గానీ పైసా ఖాతాలోనే ఉండాలి కదా? లేదు. పైసా ముందే వెళ్ళిపోయింది.

చిన్న ఊళ్ళో అపార్ట్‌మెంట్ హిసాబ్ ఎలా ఉంటుందో చూడండి. సమఝ్ కోసం చెబుతున్న లెక్క ఇది, ఏ ఒక్క బిల్డింగ్‌దీ కాదు. స్థలం యజమాని స్థలం ఇస్తాడు, బిల్డర్ కడతాడు. డెవలప్‌మెంట్ అగ్రిమెంటు ప్రకారం ఇరవై ఫ్లాట్లలో ఎనిమిది యజమానికి, పన్నెండు బిల్డర్‌కి. ఒక్కోటి వెయ్యి చదరపు అడుగులు, ధర ఇరవై ఆరు లక్షలు. అడుగుకి పదమూడు వందల ఖర్చు వేసుకుంటే ఇరవై ఫ్లాట్లు కట్టడానికి రెండు కోట్ల అరవై లక్షలు కావాలి. పన్నెండూ అమ్ముడైతే మూడు కోట్ల పన్నెండు లక్షలు వస్తాయి. మునాఫా యాభై రెండు లక్షలు.

కానీ మన ఊళ్ళలో పన్నెండు ఫ్లాట్లు అంత జల్దీ అమ్ముడుపోవు. శ్రీకాకుళం మనిషికి ఈ రోజుకీ రెండు సెంట్లయినా సొంత నేల, ముందు ఒక కొబ్బరి చెట్టు కావాలి. ఏడే అమ్ముడయ్యాయనుకుందాం. వాళ్ళు పూర్తి పైసా కట్టినా వచ్చేది కోటి ఎనభై రెండు లక్షలు. డెబ్బై ఎనిమిది లక్షలు తక్కువ. అందులోంచి నలభై లక్షలు ఎయిర్‌పోర్ట్ దారిలో ఇంకో స్థలానికి బయానాగా వెళ్తే, లోటు కోటీ పద్దెనిమిది లక్షలు. ఇక ఆ బిల్డింగ్‌కి ఇసుక లారీలు నిండుగా వచ్చినా లేవదు.

బిల్డర్ ఆ నలభై లక్షలు ఎందుకు తీస్తాడు? ఫ్లాటు పూర్తి చేసి ఇస్తే వచ్చే లాభం కంటే, కొత్త స్థలం ధర ఏడాదిలో పెరిగితే వచ్చే లాభం ఎక్కువ కనబడుతుంది కాబట్టి. మొదటి బిల్డింగ్‌లో వాళ్ళ పైసా అప్పటికే చేతికొచ్చేసింది. మన కిస్తీలు స్లాబుల లెక్కన ఉంటాయి. స్లాబు పడగానే ఫోటో వాట్సాప్‌లో వస్తుంది, మాషా అల్లాహ్ అని మనం కిస్తీ పంపిస్తాం. మూడో స్లాబుకి మూడు వంతుల పైసా అయిపోతుంది. మిగిలిన పని లిఫ్టు, ట్రాన్స్‌ఫార్మర్, బోరు, టైల్స్, కిటికీలు. అంటే కంటికి పెద్దగా కనబడనిదీ, ఖర్చు బాగా తినేదీ. ఆ పని చెయ్యడానికి అతనికి రావాల్సినది ఏమీ మిగల్లేదు, మనకి పట్టు ఏమీ మిగల్లేదు.

అందుకే నా మాట ఇది. ఎచ్చెర్లలో అయినా ఇంకెక్కడైనా బిల్డింగ్ ఆగేది పైసా ఇచ్చినవాళ్ళకి ఆ ఖాతా మీద హక్కు లేనప్పుడు. మిగతా కారణాలు ఆలస్యం చేస్తాయి, ఇది చంపేస్తుంది.

బిల్డర్ ప్రైవేటువాడు కాబట్టి ఇలా అయిందని ఎవరైనా అనొచ్చు. సర్కారీ అపార్ట్‌మెంట్‌లు చూడండి. టిడ్కో ఇళ్ళు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద మన రాష్ట్రంలో మొదలైనవి. 300, 365, 430 చదరపు అడుగులు. శ్రీకాకుళం పక్కన పాత్రునివలసలో కట్టారు, విజయనగరంలో సారిపల్లి, సోనియానగర్‌లో కట్టారు. వాటికి మంజూరు లేదా? సాక్షాత్తు గవర్నమెంటే మంజూరు. స్థలం తగాదా లేదు, ఇసుక సర్కారు చేతిలోనే. అయినా 2019లో గద్దె మారగానే పనులు ఆగిపోయాయి. టెండర్లు తిరగేశారు, రంగులు మార్చారు, లెక్క తగ్గించారు. తమ వంతు పైసా కట్టిన కూలీలు, ఆటోవాళ్ళు ఏళ్ళ తరబడి అద్దె ఇళ్ళలోనే ఉన్నారు. ఇల్లు చేతికి రాకుండానే కొందరికి బ్యాంకు కిస్తీ నోటీసులు వచ్చాయి. ఒక పార్టీ మొదలుపెట్టి పూర్తి చెయ్యలేదు, ఇంకో పార్టీ పూర్తి చెయ్యకుండా ఐదేళ్ళు కూర్చుంది. రెండు పార్టీలూ మన వోటు అడిగాయి. ఇక్కడా జరిగింది అదే. పైసా కట్టినవాడికి ఖాతా మీద ఇఖ్తియార్ లేదు.

అయితే కానూన్ లేదా? ఉంది. 2016లో పార్లమెంటు రెరా చట్టం చేసింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. ఆ చట్టం సరిగ్గా ఈ జబ్బుకే తాళం వేసింది. కొనేవాళ్ళ నుంచి వచ్చిన పైసాలో 70 శాతం ఆ ప్రాజెక్టుకే వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలి. ఎంత పని అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ముగ్గురూ సర్టిఫై చేస్తేనే, అయిన పని మేరకే తియ్యాలి. అగ్రిమెంటు రిజిస్టర్ చెయ్యకుండా ధరలో పది శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. చెప్పిన తేదీకి ఇవ్వకపోతే మన పైసా తిరిగి అడిగే హక్కు 18వ సెక్షన్‌లో ఉంది. ఆ హక్కుకి ఎలాంటి షరతూ లేదని సుప్రీంకోర్టు 2021లో న్యూటెక్ కేసులో చెప్పింది. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మితే ప్రాజెక్టు ఖర్చులో పది శాతం దాకా జుర్మానా.

చట్టంలో ఒక దొడ్డిదారీ ఉంది, చిన్న ఊళ్ళవాళ్ళు అది గట్టిగా తెలుసుకోవాలి. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 మీటర్లంటే దాదాపు ఆరు వందల గజాలు, మన లెక్కలో పన్నెండు సెంట్లు పైచిలుకు. శ్రీకాకుళం, ఎచ్చెర్లలో లేచే బిల్డింగ్‌లలో చిన్నవి చాలా ఉంటాయి. హైదరాబాద్‌ని చూసి రాసిన చట్టం మన సందుల్లోకి పూర్తిగా రాలేదు. ఆ హద్దు తగ్గించమని మన ఎమ్మెల్యేలని అడిగినవాళ్ళు ఎవరు? శాదీఖానా అడుగుతాం, ఖబరస్తాన్ గోడ అడుగుతాం. అడగాల్సినవే. ఇదీ అడగాలి.

మా ఖాలా బిల్డింగ్ మాత్రం ఆ హద్దు లోపలిది కాదు. ఇరవై ఫ్లాట్లు. రెరా నంబరు బోర్డు మీద ఉండాలి. లేదు. ఇరవై లక్షలు ఇచ్చిన రోజు నేను ఆ బోర్డు కింద నిలబడి ఫోటో దిగాను, కానీ చదవలేదు.

ఇప్పుడు మన ఖౌమ్ సంగతి. చదువుతూ కొందరికి కోపం రావొచ్చు, మాఫ్ చెయ్యండి. ఈ ధోకా అందరికీ జరుగుతుంది. మనకు కొంచెం సులువుగా జరుగుతుంది. ఎందుకంటే మనలో చాలామంది సూద్‌కి భయపడి బ్యాంకు లోను తియ్యరు. అల్‌హమ్దులిల్లాహ్, ఆ భయం ఉండాల్సిందే. కానీ లోను తీసుకునేవాడికి బ్యాంకు తెలియకుండానే ఒక కాపలా కాస్తుంది. బ్యాంకు వకీలు లింకు దస్తావేజులు చూస్తాడు, ఇంజనీరు వచ్చి స్లాబు కొలుస్తాడు, పని మేరకే పైసా వదులుతారు. కాగితాలు తేడాగా ఉంటే లోనే రాదు. రిబా వద్దనుకుని గల్ఫ్ సంపాదన, బంగారం నేరుగా బిల్డర్ చేతిలో పోసేవాడికి ఆ కాపలా లేదు. అలాంటివాడు మామూలువాడి కంటే రెండింతలు జాగ్రత్తపడాలి. మనం సగం కూడా పడం. "ఇన్‌స్టాల్‌మెంట్‌లో ఇవ్వండి భాయ్, నో ఇంటరెస్ట్, పూరా హలాల్" అనే మాట వినగానే కళ్ళు మూసుకుంటాం. సూద్ లేకపోతే చాలు, ఇక సౌదా హలాల్ అయిపోయిందనుకుంటాం.

ఉలమాని అడిగి చూడండి. లేని వస్తువుని, అందుతుందో లేదో తెలియని వస్తువుని అమ్మడంలో ఘరర్ ఉంటుంది, అది కూడా మనా. ఇంకా కట్టని ఇల్లు కొనడానికి మన హనఫీ ఫిఖ్హ్‌లో ఇస్తిస్నా అనే దారి ఉంది. పైసా ముందుగానో కిస్తీల్లోనో ఇవ్వొచ్చు. కానీ ఏమిటి కడతాడు, ఎంత కొలత, ఏ సామాను, ఎంత ధర అన్నది సాఫ్‌గా తెలిసి ఉండాలి. "మనోడే" అనేది ఇస్తిస్నా కాదు. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ ఏదో మన మదరసా పిల్లల్ని అడగండి. సూరా బఖరా 282. అది నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. గడువు పెట్టుకున్న బాకీని రాసుకోవడం గురించి. రాసేవాడు ఇన్సాఫ్‌గా రాయాలని, గవాహ్‌లు ఉండాలని, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించొద్దని అల్లాహ్ అంత వివరంగా చెప్పాడు. మా ఖాలా కాగితం రాయించుకుందామా అన్నప్పుడు ఆవిడ ఆ ఆయత్ మీద నిలబడి ఉంది. ఐదు పూటలా మస్జిద్‌కి వెళ్ళే నేను ఆవిడని అక్కడి నుంచి దింపాను. తౌబా.

ఇంకో విచిత్రం చూడండి. తెలుగులో భూమి కొనుగోలు మాటలన్నీ మన ఫార్సీ, ఉర్దూ మాటలే. దస్తావేజు, రసీదు, బయానా, కిస్తీ, ఖరీదు, ఖరారు, హామీ, జామీను, అసలు, నకలు, మంజూరు, కబ్జా, ఫిర్యాదు. మన దాదా పరదాదాలు మున్షీలుగా, వకీళ్ళుగా ఈ జిల్లా కచేరీల్లో రాసిన మాటలు ఇవి. ఈ రోజు ఇవేవీ లేకుండా ఇల్లు కొంటున్నది మనమే.

నగదు సంగతి కూడా చెప్పాలి. 2018లో కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకి జీఎస్టీ 12 శాతం దాకా పడేది. 2019 ఏప్రిల్ 1 నుంచి 5 శాతం, తక్కువ ధర ఇళ్ళకి 1 శాతం అయింది. "సగం క్యాష్ ఇవ్వండి, టాక్స్ మిగులుతుంది" అంటాడు బిల్డర్. మనం ఖుష్. మిగిలింది నాలుగు రాళ్ళు, పోయింది గవాహీ. రేపు కోర్టులో ఇరవై ఇచ్చానంటే కాగితం పది అంటుంది. మిగతా పదికి ఎవరు గవాహ్? క్యాష్‌కి ఒప్పుకున్న రోజే ఆ పదీ మనం మాఫీ చేసినట్టు.

వరాసత్ విషయానికి వస్తాను. మన ఇళ్ళలో ఎవరూ పెదవి విప్పని విషయం. ఒక్కోసారి బిల్డర్ మంచివాడే, పైసా ఉంటుంది, అయినా స్టే వస్తుంది. ఎందుకు? స్థలం అబ్బాది. అబ్బా పోయాక డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద భాయ్‌లు ముగ్గురూ సంతకం పెట్టారు. అల్లాహ్ సూరా నిసాలో వాటా రాసిచ్చిన బెహెన్ సంతకం లేదు. "జహేజ్ ఇచ్చాం కదా" అన్నారు. ఆవిడ కోర్టుకి వెళ్ళింది. రెండో స్లాబు దగ్గర పని ఆగింది. అప్పుడు మొహల్లా అంతా ఆవిడనే తిట్టింది, బిల్డింగ్ ఆపిందని. బిల్డింగ్ ఆపింది ఆవిడ కాదు. ఆవిడ హక్కు తిన్న ముగ్గురు భాయ్‌లు. కొన్నవాళ్ళూ ఆ గునాహ్‌లో చిక్కుకున్నారు, వాళ్ళ పైసా కూడా చిక్కుకుంది. ఫ్లాటు కొనేముందు బెహెన్‌ల సంతకాలు ఉన్నాయా అని అడగడం ఇన్సాఫ్ కోసమూ అవసరమే, మన జేబు కోసమూ అవసరమే.

కొనబోయే వాళ్ళకి నాలుగు మాటలు. ఒకటి, రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు నంబరు, పూర్తి చేస్తానన్న తేదీ చూడండి. మూడు నెలలకోసారి పని ఎంత అయిందో అక్కడ బిల్డర్ పెట్టాలి. రెండు, ఈసీ తీయించండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. వక్ఫ్, ఎసైన్డ్, దేవాదాయ భూములు అందులో ఉంటాయి. వక్ఫ్ జమీన్ మీద ఫ్లాటు కొనుక్కుని అందులో ముసల్లా పరుచుకుంటారా? మూడు, ఆఫీసుకి తనఖా పెట్టిన పది శాతంలో మీ ఫ్లాటు ఉందేమో అడగండి. నాలుగు, పది శాతం ఇచ్చాక అగ్రిమెంటు రిజిస్టర్ అయ్యేదాకా ఒక్క పైసా ఇవ్వకండి, ఇచ్చేది బ్యాంకు ద్వారానే, ప్రాజెక్టు ఖాతాకే. ఇన్ని అడిగితే బిల్డర్ ముఖం చిట్లిస్తాడు. చిట్లించనివ్వండి. అమానత్ మోసే మనిషికి హిసాబ్ అడిగితే బుజ్జగింపు అక్కర్లేదు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళకి. విడివిడిగా బిల్డర్ ఇంటి చుట్టూ తిరగడం ఆపండి. ఒక్కొక్కరికి ఒక్కో వాదా చేసి ముగ్గుర్నీ మూడు వైపులా పంపడం వాళ్ళ పాత తరీఖా. కొన్నవాళ్ళంతా ఒక సంఘంగా చేరండి, హిందూ ముస్లిం అని చూడకుండా. మా ఖాలా బిల్డింగ్‌లో ట్రిపుల్ ఐటీలో పనిచేసే ఒక మాస్టారు, పైడిభీమవరం ఫ్యాక్టరీకి వెళ్ళే ఒక అబ్బాయి, పెన్షన్ డబ్బు పెట్టిన ఒక పెద్దావిడ ఉన్నారు. అందరి దగ్గరా అవే సగం రసీదులు. ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ గడువు తీరినా, రద్దయినా మిగిలిన పని చేయించుకునే మొదటి హక్కు 8వ సెక్షన్ కొన్నవాళ్ళ సంఘానికే ఇచ్చింది. రెరా ఆఫీసు విజయవాడలో ఉంది, మనకు నాలుగు వందల యాభై కిలోమీటర్ల దూరం. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. అది కష్టమనుకుంటే శ్రీకాకుళంలోనే జిల్లా కన్స్యూమర్ కమిషన్ ఉంది, యాభై లక్షల దాకా కట్టిన కేసులు అక్కడే. రెరా ఉంది కదా, కన్స్యూమర్ కోర్టుకి రాకూడదు అనే వాదన చెల్లదని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. తీర్పులో అసలుతో పాటు వడ్డీ వస్తే దాన్నేం చెయ్యాలో ముఫ్తీ సాహెబ్‌ని అడగండి. ఆ సవాల్ కోసం అసలు వదులుకోకండి.

మన జమాఅత్ పెద్దలకి ఒక దర్ఖాస్త్. ఏ బిల్డర్‌నీ మస్జిద్ సహన్‌లో పరిచయం చెయ్యకండి. మస్జిద్‌లో చూసిన ముఖం కాబట్టే మేం కాగితం చూడలేదు. ఏడాదిలో ఒక్క ఖుత్బా బఖరా 282 మీద, ఒక్క ఖుత్బా బెహెన్‌ల వరాసత్ మీద చెప్పించండి.

ఇక ఖౌమ్ ఇజ్జత్. ఆ రోజు మెట్ల దగ్గర నన్ను ఆపిన పెద్దాయనకి నేను అడగాలనుకుని అడగని మాట ఒకటుంది. చాచా, ఖౌమ్ అంటే అతనొక్కడేనా? మా ఖాలా ఖౌమ్ కాదా? అద్దె ఇంట్లో నెలకి ఐదు వేలు కడుతూ, కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా "పని మొదలవుతుందట బేటా" అని అబద్ధం చెప్పే ఆవిడకి ఇజ్జత్ లేదా? జాలిమ్ భాయ్‌కి కూడా మదద్ చెయ్యమన్న హదీస్ మీకు తెలుసు. జుల్మ్ చెయ్యకుండా అతని చెయ్యి పట్టుకోవడమే ఆ మదద్. నేను పెట్టబోయే ఫిర్యాదు ఆ మదదే. సబర్ గురించి కూడా ఒక మాట. కష్టం వచ్చినవాళ్ళు అల్లాహ్ కోసం సబర్ చేస్తారు. కష్టం పెట్టినవాడు సబర్ చెయ్యమని అడగకూడదు, అతని తరఫున మీరూ అడగకూడదు.

నిన్న సాయంత్రం ఖాలా ఇంటికి వెళ్ళాను. రసీదులన్నీ ఒక బిస్కట్ డబ్బాలో దాచింది. నేలమీద పరిచి తేదీల వారీగా సర్దుకున్నాం. రసీదు లేని కిస్తీల కోసం ఆవిడ బ్యాంకు పాస్‌బుక్కులు, బంగారం అమ్మిన చీటీ, కొడుకు పంపిన మనీ ట్రాన్స్‌ఫర్ కాగితాలు తీసింది. చేతికిచ్చిన క్యాష్‌కి గవాహ్ ఎవరని వకీలు అడుగుతాడు. ఆ రోజు అక్కడ ఉన్నది నేనే. నా గవాహీ నేను రాసిచ్చాను. ఈసారి స్టాంపు కాగితం మీద, నోటరీ ముందు. ఖాలా చదివించుకుని, ఒక తేదీ తప్పు రాశానని దిద్దించింది.

ఇదే బిల్డింగ్‌లో, లేదా ఇలాంటి ఇంకో బిల్డింగ్‌లో పైసా ఇరుక్కున్నవాళ్ళుంటే మీ రసీదులు కూడా అలాగే సర్దుకోండి. దుఆలో మమ్మల్ని యాద్ చేసుకోండి.

వస్సలామ్.